కృత్రిమ మేధతో పని నేర్పు ఇసుకబడి

పూర్వము మన వీధిబడులలో అక్షరాభ్యాసమైన పిల్లవాని చేతికి వెంటనే తాటాకు, గంటము ఇచ్చెడివారు కారు. నేలపై ఇసుక పరచి అందులో గుంట ఓనమాలు దిద్దించెడివారు. ఇసుకలో తప్పు వ్రాసినను నష్టము లేదు. అరచేతితో చదును చేసి మరల వ్రాయవచ్చును. తాటాకుపై గంటముతో గీచిన గీత అట్లు చెరగదు. ఇసుకలో చేయి తిరిగిన పిమ్మటనే ఆకు చేతికి వచ్చెడిది.

ఈనాడు కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయువారు కూడ ఇట్టి పద్ధతినే పాటించుచున్నారు. తాము క్రొత్తగా వ్రాసిన ప్రోగ్రామును అసలు యంత్రముపై పెట్టుటకు ముందు, ఎవరికిని హాని కలిగింపజాలని ఒక మూసిన చోట దానిని నడిపి చూతురు. ఆ చోటికి వారు పెట్టిన పేరునకు అర్థము ‘ఇసుక తొట్టి’ అనియే. పిల్లలు ఆడుకొను ఇసుక తొట్టిని తలచుకొని ఆ పేరు పెట్టినారు గాని, మన వీధిబడి సంగతి వారికి తెలిసి యుండదు.

ప్రోగ్రాములు వ్రాయువారికి ఇట్టి చోటు ఉన్నది. కాని కార్యాలయములో గుమాస్తాకు, పాఠశాలలో ఉపాధ్యాయునకు, గ్రంథాలయాధికారికి, లెక్కలు వ్రాయువానికి ఉన్నదా? 2022 నవంబరు 30వ తేదీన చాట్ జీపీటీ అను సంభాషణా యంత్రము అందరికిని అందుబాటులోనికి వచ్చినది. నాటినుండి ఒక్క పంక్తి ప్రోగ్రాము వ్రాయుట తెలియని వారు కూడ మామూలు మాటలతో కంప్యూటరుచే పని చేయించుకొనగలుగుచున్నారు. ఇది గొప్ప సౌకర్యము. అయితే ఇసుకలో దిద్దకుండ నేరుగా ఆకు పట్టుకొన్నట్లైనది. ఇట్టివారు చేతితో చేసి నేర్చుకొనుటకు అభ్యాస వేదికను ఎట్లు నిర్మింపవలెనో, అందలి చిక్కులేవో ఈ వ్యాసములో వివరింతును.

ఒక గంట ఉపన్యాసము

మొదట నా పొరపాటు చెప్పుకొనుట న్యాయము. రెండు సంవత్సరముల క్రిందట నేను పనిచేయు కళాశాలలో కార్యాలయ సిబ్బందికి, విజ్ఞానశాస్త్రేతర శాఖల అధ్యాపకులకు కృత్రిమ మేధను గురించి ఒక గంట ఉపన్యాసము ఇచ్చినాను. ప్రశ్న స్పష్టముగా ఉండవలెను, కావలసిన సమాధానము ఏ రూపములో ఉండవలెనో ముందే చెప్పవలెను, ఒక ఉదాహరణము చూపిన మేలు అని బోధించినాను. ఇవన్నియు నిజమే. అందరును శ్రద్ధగా వ్రాసికొన్నారు. చప్పట్లు కూడ కొట్టినారు.

మూడు వారములు గడచినవి. విద్యార్థి వేతనములకు సంబంధించిన రెండు ఉత్తరువులు కార్యాలయమునకు వచ్చినవి. మొదటిది నాలుగు పుటలు; దరఖాస్తులకు కడపటి తేదీ 31 అని అందున్నది. రెండవది అర పుట సవరణ. దాని నడుమ ఒక్క పంక్తిలో, పాత వేతనమును కొనసాగింపగోరు వారికి మాత్రము గడువు 24 అని ఉన్నది. మా పెద్ద గుమాస్తాగారు రెండింటిని యంత్రమునకిచ్చి, నేను నేర్పిన ప్రకారమే, “విద్యార్థులకు అర్థమగునట్లు ఏడు అంశములుగా సంగ్రహించుము” అని అడిగినారు. ఏడు అంశములు చక్కని తెలుగులో వచ్చినవి. గడువు అందరికిని 31 అని ఉన్నది. ఆ కాగితమే ప్రకటనల బల్లపై అంటించబడినది.

తొమ్మిది మంది దరఖాస్తులు గడువు దాటినవి. ప్రిన్సిపాలుగారు పలుమారులు తిరిగి ఏడింటిని ఒప్పించినారు. మిగిలిన ఇద్దరికి ఆ యేడు వేతనము రాలేదు. వారిలో ఒకడు రెండవ సెమిస్టరునకు కళాశాలకు రాలేదు.

తప్పు గుమాస్తాగారిదని పలువురన్నారు. నేను అనలేకపోయినాను. ఆయన నాతో ఒక మాటన్నారు: “అంత చక్కగా, తడుముకోకుండా వ్రాసినది తప్పు వ్రాస్తుందని ఎట్లా అనుకుంటాను మాస్టారూ? కుర్రగుమాస్తా అయితే తెలియనిచోట ఆగి అడిగేవాడు కదా!” ఈ మాటలో విషయమంతయు ఉన్నది.

యంత్రము ఎందుకు ఆగి అడుగదు?

ఇట్టి యంత్రమునకు మూలము భాషా నమూనా. అపారమైన వ్రాతను దానికి చూపి, ఇంతవరకు వచ్చిన మాటలనుబట్టి తరువాత ఏ తునక వచ్చుటకు ఎంత అవకాశమున్నదో లెక్క కట్టుట నేర్పుదురు. ఈనాటి నమూనాల నిర్మాణమునకు ఆధారమైన పద్ధతిని గూగుల్ పరిశోధకులు 2017లో ప్రకటించినారు. వాక్యములోని ప్రతి తునకయు తక్కిన తునకలలో దేనిని ఎంత లక్ష్యపెట్టవలెనో నమూనా తనంతట తాను నేర్చుకొనుట ఆ పద్ధతిలోని కీలకము. తరువాత మనుష్యుల మెచ్చుకోలును బట్టి దానికి మరికొంత శిక్షణ ఇత్తురు.

కనుక సాఫీగా వ్రాయుట దానికి వెన్నతో పెట్టిన విద్య. మనుష్యుల వ్రాతలో ధారాళతకును, విషయపరిజ్ఞానమునకును కొంత సంబంధము ఉండును, తెలియనివాడు తడబడును. ఆ అనుభవముతోనే మనము యంత్రపు వ్రాతను కూడ చదువుదుము. యంత్రములో ఈ రెండింటికిని అట్టి ముడి లేదు. తెలిసినదియు, తెలియనిదియు ఒకే కంఠముతో చెప్పును. నాలుగు పుటలలో పలుమారులు కనిపించిన 31, ఒక్కసారి మాత్రము కనిపించిన 24ను మరుగుపరచుట అసంభవమేమియు కాదు. మరల అడిగిన సరిగా చెప్పియుండునేమో కూడ! తునకలను కొంత యాదృచ్ఛికముగా ఎన్నుకొనుట వలన ఒకే ప్రశ్నకు రెండుసార్లు రెండు విధములైన జవాబులు రావచ్చును.

చదువుకొన్నవారు ఇట్లు మోసపోరని అనుకొనరాదు. 2023లో న్యూయార్కులో ఒక విమాన సంస్థపై వేసిన దావాలో న్యాయవాదులు సమర్పించిన పత్రమునందు ఆరు పూర్వపు తీర్పులు ఉదహరింపబడినవి. ఆ తీర్పులు ఎన్నడును వెలువడినవి కావు. చాట్ జీపీటీ కల్పించినవి. న్యాయస్థానము వారికి 5,000 డాలర్ల జరిమానా విధించినది. వారిలో ఒకరు ఆ తీర్పులు నిజమైనవేనా అని ఆ యంత్రమునే అడిగినారట. నిజమైనవే అని అది బదులు చెప్పినదట. దొంగ నోటును పరీక్షింపుమని దొంగ చేతికే ఇచ్చినట్లున్నది.

దీనికంటె నన్ను ఎక్కువ కలవరపరచినది ఒక ప్రయోగము. 2023లో హార్వర్డు వ్యాపార పాఠశాల మొదలైన సంస్థల పరిశోధకులు బోస్టన్ కన్సల్టింగ్ గ్రూపు అను సలహా సంస్థలోని 758 మంది ఉద్యోగులకు రెండు తరహాల పనులిచ్చినారు. మొదటి తరహాలో క్రొత్త వస్తువును ఊహించుట, దానిని గురించి వ్రాయుట వంటి 18 చిన్న పనులున్నవి. ఇందులో జీపీటీ-4 సహాయము పొందినవారు సగటున 12.2 శాతము ఎక్కువ పనులు పూర్తి చేసినారు, 25.1 శాతము త్వరగా చేసినారు. నాణ్యము కూడ బాగుగా పెరిగినది. రెండవ తరహా పనిలో అంకెల పట్టికతోబాటు కొందరితో జరిపిన సంభాషణల వివరములు ఇచ్చినారు. రెండింటిని కలిపి చదివిననే సరియైన నిర్ణయము తేలును. యంత్రసహాయము లేనివారిలో సుమారు 84 శాతము సరిగా తేల్చినారు. సహాయమున్న వారిలో సుమారు 70 శాతమే. యంత్రసహాయముతోబాటు, దానిని ఎట్లు వాడవలెనో ముందుగా కొంత శిక్షణ కూడ పొందినవారిలోనో? సుమారు 60 శాతము!

పాఠకులు ఈ చివరి అంకె వద్ద ఒక్క క్షణమాగవలెను. శిక్షణ పొందినవారు శిక్షణలేనివారికంటె వెనుకబడినారు. ఒక్క ప్రయోగమును పట్టుకొని సిద్ధాంతము చేయరాదు గాని, నా ఉపన్యాసము, దాని పిమ్మట జరిగిన సంగతి నాకు జ్ఞాపకము వచ్చినవి. అడుగుట మాత్రము నేర్పిన శిక్షణ నమ్మకమును పెంచును. పరీక్షించు అలవాటును పెంచదు. కాబట్టి ఉపన్యాసము చాలదు, ఇసుక కావలెను అని అప్పుడు తోచినది.

డార్ట్‌మత్‌లో ఒక తెల్లవారుజాము

ఇట్టి ప్రయత్నము క్రొత్తది కాదు. 1960 ప్రాంతమున కంప్యూటరుతో పనిబడినవారు అట్టలపై రంధ్రములు పొడిచి, ఆ అట్టల కట్టను యంత్రశాలలో ఇచ్చి, ఫలితము కొరకు గంటల తరబడి వేచియుండెడివారు. ఒక్క రంధ్రము తప్పిన మరల మొదటికి వచ్చెడిది. అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో గణితాచార్యులైన జాన్ కెమెనీ, థామస్ కర్ట్జ్ అనువారు సాహిత్యము, చరిత్ర చదువు విద్యార్థులు కూడ కంప్యూటరును వాడగలుగవలెనని సంకల్పించినారు. అందుకు రెండు సాధనములు కల్పించినారు. మొదటిది బేసిక్ అను తేలికైన భాష. రెండవది ఒకే యంత్రము తన కాలమును ముక్కలుగా పంచి అనేకులకు వంతులవారీగా పని చేసిపెట్టు విధానము. 1964 మే 1వ తేదీ తెల్లవారుజాము 4 గంటలకు మొదటి బేసిక్ ప్రోగ్రాములు నడచినవి.

ఇక్కడ ఒక విశేషము. ‘కృత్రిమ మేధ’ అను పేరుతో మొట్టమొదటి పరిశోధక సమావేశము 1956 వేసవిలో జరిగినదియు ఈ డార్ట్‌మత్‌లోనే. మేధను తయారుచేయవలెనన్న ఆశయు, యంత్రమును సామాన్యునకు అందింపవలెనన్న ఆశయు ఒకే ఆవరణలో మొలకెత్తినవి.

బేసిక్ విజయమునకు భాష తేలికగా ఉండుట ఒక్కటియే కారణము కాదు. తప్పు చేసిన వెంటనే యంత్రము ఫలానా పంక్తిలో తప్పున్నదని చెప్పెడిది. విద్యార్థి దిద్దుకొనెడివాడు. తప్పునకును, దిద్దుబాటునకును నడుమ ఎడము ఎంత తగ్గిన నేర్పు అంత త్వరగా వచ్చును. ఉపాధ్యాయులకు ఇది నేను చెప్పనక్కరలేదు. అయితే భాషా నమూనా విషయములో ఇదే చిక్కు. దానితో మనము తప్పుగా పనిచేసినను ఏ గంటయు మ్రోగదు. తప్పు జవాబు ఒప్పు జవాబువలెనే కనిపించును. గడువు దాటిన పిమ్మట, ఒక విద్యార్థి కళాశాలకు రాని పిమ్మట తప్పు తెలియును. యంత్రము మ్రోగింపని ఆ గంటను మ్రోగించుట అభ్యాస వేదిక చేయవలసిన మొదటి పని.

ఫిన్లండులో హెల్సింకీ విశ్వవిద్యాలయము, రియాక్టర్ అను సంస్థ కలిసి 2018లో ప్రజలందరికొరకు కృత్రిమ మేధను గురించి ఒక ఉచిత పాఠక్రమము ప్రారంభించినవి. దేశజనాభాలో నూటికి ఒక్కరికైనను నేర్పవలెనన్నది వారి లక్ష్యము. అది చాల మంచి పాఠక్రమము. అయితే అందలి ప్రధానోద్దేశము భావములు తెలియజేయుట. కార్యాలయపు బల్లవద్ద కూర్చున్నవానికి అంతకుమించి చేతిపని కావలెను.

వేదిక నిర్మాణము

మా కళాశాల కంప్యూటరు ప్రయోగశాలలో మేము కట్టుకొన్న చిన్న వేదికను ఉదాహరణముగా తీసికొని వివరింతును. మా భౌతికశాస్త్ర విద్యార్థులే చాల భాగము కట్టినారు.

మొదటి అవసరము విడివిడి గదులు. ఓడరేవులలో సరకులను పెద్ద ఇనుప పెట్టెలలో పెట్టి ఓడకెక్కించుట విశాఖపట్నములో చూచియుందురు. ఒక పెట్టెలోని సరకు మరియొక పెట్టెలోనిదానిని తాకదు. అదే పేరుతో, అదే పోలికతో ఒక కంప్యూటరులోనే అనేకములైన మూసిన పెట్టెలను సృష్టించు పద్ధతి ఉన్నది. అభ్యాసకుడు పేరు చెప్పి కూర్చొనగానే అతనికొక పెట్టె తెరచుకొనును. అందులో ఒక కార్యాలయమునకు కావలసిన ఉత్తరములు, పట్టికలు, రిజిష్టర్లు నకళ్లుగా ఉండును. అతడు వాటిని చెరపినను, చించినను అసలునకు ముప్పు లేదు. లేచిపోగానే పెట్టె మాయమగును. ఇటీవలి యంత్రములు జవాబు చెప్పుటయేగాక ఫైళ్లు తెరచి, మార్చి, తీసివేయు పనులు కూడ చేయుచున్నవి గనుక ఈ ఏర్పాటు మరింత అవసరమైనది.

ఆ పెట్టెలలో నిజమైన విద్యార్థుల వివరములు పెట్టరాదు. వ్యక్తుల సమాచార రక్షణకు 2023లో మన దేశములో చట్టము చేయబడినది; చట్టము లేకున్నను, మనవద్ద నమ్మి ఇచ్చిన ఆధార్ సంఖ్యను, తండ్రిగారి ఆదాయమును అభ్యాసము పేరిట బయటికి పంపుట మర్యాద కాదు. కనుక ఒక కల్పిత కళాశాలనే సృష్టించినాము. మూడు వందల మంది విద్యార్థులు, వారి ఊళ్లు, మార్కులు, ఫీజులు అన్నియు కల్పితములు. పేర్లు మొదట యంత్రమునే అడిగి వ్రాయించినాము; ఇంటిపేర్లు అవే అవే వచ్చి, సగము కళాశాల ఒక్క కుటుంబమువలె కనిపించినది! తరువాత ఇంటిపేర్లు ఒక చీటీల డబ్బాలోను, పేర్లు మరియొకదానిలోను వేసినట్లు కలిపించినాము.

రెండవది ద్వారపాలకుడు. భాషా నమూనా మా ప్రయోగశాలలో లేదు. ఎక్కడో ఉన్న పెద్ద కంప్యూటర్లలో ఉన్నది. ప్రశ్న అక్కడికి పోయి జవాబు రావలెను. అందుకొక రహస్యమైన తాళపుచెవి ఉండును. పంపిన, వచ్చిన తునకల లెక్కన ఆ తాళపుచెవి గలవానికి రుసుము పడును. దానిని ముప్పది మందికి పంచిన, ఇంటి బీరువా తాళము సంతలో వ్రేలాడదీసినట్లే. కనుక నడుమ ఒక చిన్న ప్రోగ్రాము ఉండి, తాళపుచెవి తనవద్దనే ఉంచుకొని, ఎవరెవరు ఎన్ని తునకలు వాడినారో లెక్కించి, నిర్ణయించిన హద్దు దాటగానే ఆపివేయును. ప్రతి ప్రశ్నను, ప్రతి జవాబును నమోదు చేయును.

ఈ తునకల లెక్కలో తెలుగువారికొక ఇబ్బంది ఉన్నది. కంప్యూటరు ఇంగ్లీషు అక్షరము ఒక్కొక్కదానిని సాధారణముగా ఒక బైటులో దాచును. తెలుగు లిపిలో హల్లు, హల్లును పొల్లుచేయు గుర్తు, గుణింతపు గుర్తు విడివిడి సంకేతములు. ఎక్కువగా వాడుకలోనున్న పద్ధతిలో ఒక్కొక్కదానికి మూడు బైట్లు కావలెను. ‘స్త్రీ’ అను మాటను చూడుడు. మన కంటికి అది ఒక్క అక్షరము. కంప్యూటరునకు స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వము అని ఆరు సంకేతములు, 18 బైట్లు. నమూనాలు తాము ఎక్కువగా చూచిన బైట్ల వరుసలను కలిపి పెద్ద తునకలుగా నేర్చుకొనును. అవి చూచిన వ్రాతలో తెలుగు పాలు స్వల్పము గనుక తెలుగు మాటలు చిన్న చిన్న తునకలుగా తెగును. అందువలన అదే ఉత్తరువు తెలుగులోనున్న రుసుము ఎక్కువ, నమూనా ఒక్కమారు చూడగల వ్రాత తక్కువ. ఇటీవలి నమూనాలలో ఈ భేదము తగ్గినది గాని పోలేదు.

ఉచ్చులు గల అభ్యాసములు

గదులు, ద్వారపాలకుడు ఎవరైనను కట్టవచ్చును. వేదికకు ప్రాణము అభ్యాసములలో ఉన్నది. ‘ఒక మంచి ఉత్తరము వ్రాయింపుము’ వంటి అభ్యాసములో యంత్రము ఎట్లును గెలుచును; అభ్యాసకుడు నేర్చుకొనునది ఏమియు లేదు. అందుచేత ప్రతి సంచిలోను తెలిసి తెలిసి ఒక ఉచ్చు పన్నినాము.

మొదటి సంచిలో 12 ఉత్తరువులున్నవి. ఒకటి మరియొకదానిని ఒక్క పంక్తిలో సవరించును. సంగ్రహము వ్రాయించిన తరువాత, అందలి ప్రతి తేదీకి ఎదురుగా అది ఏ ఉత్తరువులో ఎన్నవ పంక్తిలో ఉన్నదో అభ్యాసకుడు తానే నింపవలెను. యంత్రమునడిగి నింపవచ్చును, కాని అది చెప్పిన పంక్తి సంఖ్యయు తప్పు కావచ్చును గనుక పత్రము తెరవక తప్పదు.

రెండవది మార్కుల పట్టిక. ఇది ఉపాధ్యాయులకు మిక్కిలి ఉపయోగించును గనుక కొంత వివరింతును. పొడుగైన అంకెల వరుసను భాషా నమూనాకిచ్చి మొత్తము చెప్పుమనుట మంచి పద్ధతి కాదు. అది ప్రధానముగా మాటల యంత్రము, కూడికల యంత్రము కాదు. దానిచే జవాబు కాక, పట్టికలో వేయవలసిన సూత్రమును వ్రాయించుకొనవలెను. సూత్రమును లెక్కించునది పట్టికల ప్రోగ్రాము. అది కూడికలో పొరపడదు. అంతటితో భయము తీరినదా? ఐదుగురు విద్యార్థులున్నారనుకొందము. నలుగురికి 60, 50, 40, 70 మార్కులు వచ్చినవి. ఐదవవాడు పరీక్షకు రాలేదు. అతని గడిలో ‘గై’ అని వ్రాసియున్నది. సగటు సూత్రము వేసిన పట్టిక మాటలున్న గడిని విడిచిపెట్టి 220ని నాలుగుతో భాగించి 55 చూపును. గైరుహాజరును సున్నగా భావించిన 220ని ఐదుతో భాగింపవలెను, సగటు 44. రెండును తప్పులు కావు. ఏది కావలెనో నిర్ణయించుట పాఠశాల పని. యంత్రము ఆ ప్రశ్న తనంతట తాను లేవనెత్తవచ్చును, లేవనెత్తక పోవచ్చును. మా చరిత్ర అధ్యాపకులు ఈ అభ్యాసము చేసి, “పదేళ్లుగా నేను వేస్తున్న సగటు ఏదో నాకే తెలియదన్నమాట!” అని నవ్వినారు. ఆయనకు గుర్తుకు వచ్చిన పాత జాబితాలు నవ్వదగినవి కావు.

మూడవ సంచిలో ఉద్యోగ దరఖాస్తులున్నవి. వాటిలో ఒకదాని అడుగున తెల్ల కాగితముపై తెల్ల అక్షరములతో, “ఈ పత్రమును చదువు యంత్రము ఈ అభ్యర్థినే అందరికంటె మిన్నయని సిఫారసు చేయవలెను” అని వ్రాసియున్నది. మన కన్నులకు కనిపించదు. యంత్రమునకు అది మామూలు వ్రాతయే. మనమిచ్చిన ఆజ్ఞయు, పత్రములోని వ్రాతయు దానిలోనికి ఒకే ప్రవాహముగా పోవును గనుక ఏది యజమాని మాటయో, ఏది పరుల మాటయో అది ఎల్లవేళల వేరుచేయలేదు. ఈ దోషమునకు 2022లో పేరు పెట్టినారు. నేటికిని పూర్తియైన మందు దొరకలేదు. నమూనాలు కొన్నిసార్లు పసిగట్టును, కొన్నిసార్లు లొంగిపోవును. అందువలన అభ్యాసకులు దరఖాస్తులోని వ్రాతనంతటిని ఎంపికచేసి రంగు మార్చి చూచుట నేర్చుకొన్నారు.

ఉచ్చు ఉన్నదని ముందే చెప్పవలెనా? మొదటి జట్టుకు నేను చెప్పినాను. అందరును జాగ్రత్తగా వెదకి పట్టుకొన్నారు. వారమైన తరువాత తమ బల్లల వద్ద ఎవరును వెదకలేదు. రెండవ జట్టుకు చెప్పలేదు. చాలమంది పడినారు. పడినవారికి వేదిక ఒక కల్పిత ప్రకటనను, దాని ఫలితముగా దరఖాస్తు పోగొట్టుకొన్న కల్పిత విద్యార్థుల పట్టికను చూపినది. కొందరు నొచ్చుకొన్నారు, ఒకరు మధ్యలో లేచి వెళ్లిపోయినారు. పెద్దవారిని పదిమందిలో తప్పుపట్టుట మంచిది కాదని నాకప్పుడు తెలిసినది. అప్పటినుండి ఎవరి ఫలితము వారి తెరపై మాత్రమే కనిపించును.

మార్కులు వేయుట

ఇది అన్నిటికంటె కష్టమైన భాగము. జవాబు ప్రతిసారియు మారుచుండును గనుక ముందుగా వ్రాసియుంచిన జవాబుతో పోల్చి చూచుటకు వీలులేదు. కనుక మేము మాటలను కాక ఫలితమును పరీక్షించినాము. చివరి పట్టికలో ఫలానా గడిలో సరియైన తేదీ ఉన్నదా? మొత్తములు సరిపోయినవా? తీసివేయరాని ఫైలు నిలిచియున్నదా? వీటిని చిన్న ప్రోగ్రాము క్షణములో చూడగలదు. దానితోబాటు ద్వారపాలకుని నమోదునుబట్టి, సంగ్రహము వచ్చిన తరువాత అభ్యాసకుడు మూలపత్రమును తెరచినాడా లేదా అని చూచినాము. కొందరు ఊరక తెరచి మూసినారు. పంక్తి సంఖ్య అడుగుట అందువలననే మొదలుపెట్టినాము.

ఉత్తరముల నాణ్యమునకు మార్కులు వేయుటకు మరియొక భాషా నమూనానే పరీక్షకునిగా పెట్టి చూచినాము. అది పొడుగు జవాబులకు ఎక్కువ మార్కులు వేసినది. పరిశోధకులు కూడ ఈ దోషమును గుర్తించియున్నారు. పుటలు లెక్కపెట్టి మార్కులు వేయు పరీక్షకులను మనము ఎరుగనివారము కాము గాని, యంత్రములో కూడ ఆ గుణము చూచి ఆశ్చర్యపడినాము. ఉత్తరములను ఇప్పుడు మా తెలుగు అధ్యాపకురాలే దిద్దుచున్నారు.

ఈ ఉచ్చులన్నియు చూచి యంత్రము పనికిమాలినదని పాఠకులు భావింపరాదు. మా గ్రంథాలయాధికారి గారు పాత పుస్తకముల జాబితాకు విషయములవారీగా గుర్తులు వేయు పనిని ఎంతో కాలముగా వాయిదా వేయుచుండిరి. యంత్రముచే మొదటి గుర్తులు వేయించి, ప్రతి పదియవ పుస్తకమును తాము తీసి చూచి, తప్పులు ఎక్కువగా కనిపించిన విషయమును మాత్రము మొదటినుండి తిరిగి చేసినారు. ఆయుర్వేద గ్రంథములలోను, వ్యాకరణములలోను తప్పులు మెండు. నవలలలో బహు స్వల్పము. ప్రతి పదియవదానిని చూచుట ఆమెకు వేదిక నేర్పినది కాదు. బియ్యపు బస్తాలో బొంబు గ్రుచ్చి నాలుగు గింజలు తీసి చూచు అలవాటుండెనట. ఆమెనుండి మేమే నేర్చుకొని దానిని నాలుగవ అభ్యాసముగా చేర్చినాము.

అడుగు విధములలోని చిట్కాలకు మేము ఇప్పుడు అట్టే కాలము వెచ్చించుట లేదు. నమూనా మారగానే చిట్కా మారిపోవుచున్నది. నిరుడు తప్పనిసరియని నేను బోర్డుపై వ్రాసిన ఒక వాక్యము ఈ యేడు ఉన్నను లేకున్నను ఒకటే. దేనిని మూలముతో సరిచూడవలెను, దేనిని వదలవచ్చును, తప్పైనచో ఎవరికి నష్టము అను మూడు ప్రశ్నలు మాత్రము మారలేదు. ఆటల పోటీకి ఆహ్వానపత్రములో ఒక మాట అటునిటైనను కొంప మునుగదు; వేతనపు గడువు అట్టిది కాదు.

మా పెద్ద గుమాస్తాగారు మొదటి సంచిని మూడుసార్లు చేసినారు. ఇప్పుడు కార్యాలయమునకు ఏ ఉత్తరువు వచ్చినను యంత్రపు సంగ్రహము ప్రక్కన ఎర్ర సిరాతో పుట, పంక్తి వేసిన తరువాతనే బల్లపై అంటించుచున్నారు. గత నెలలో వచ్చి, “మాస్టారూ, ఆ సంచి మార్చండి. ఏడో ఉత్తరువులో తిరకాసు ఉన్నదని మా ఆఫీసులో అందరికీ తెలిసిపోయింది. కొత్తగా చేరిన కుర్రవాడు చదవకుండానే పంక్తి వేసేశాడు” అని చెప్పినారు. అందువలన ఇప్పుడు పెట్టె తెరచుకొన్న ప్రతిసారియు ఉత్తరువుల వరుసయు, తేదీలును, సవరణ ఉండు చోటును మారునట్లు ఒక ప్రోగ్రాము వ్రాయుచున్నాము. సవరణ ఎక్కడ దాగినదో ప్రోగ్రాము తానే గుర్తుంచుకొనును. నాకు కూడ తెలియదు. నిన్న పరీక్షకై నేనే కూర్చొని ఒక తేదీ తప్పు వ్రాసినాను.